రహీం సాహెబు

మాదాపూర్ మేడలు దాటి గచ్చిబౌలి క్రీడామైదానం కనబడినప్పుడెల్లా మాకు సయ్యద్ అబ్దుల్ రహీం స్మరణకు వస్తారు. ఉస్మానియాలో చదివి, బంతి ఆడి, బడిపంతులైన ఆయన, యుద్ధకాలమందు 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు.

బంతిని అంటిపెట్టుకొని తిరుగుట ఆయనకు గిట్టదు. అలవాటు లేని కాలితోనే తన్నవలెనన్న నియమంతో పోటీలు నడిపినారు. వింత గురువే! ఆయన శిక్షణలో నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఏటా రోవర్స్ కప్పు గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాల్గవస్థానం పొందింది.

1962లో జకార్తాకు కేన్సరుతోనే వెళ్ళినారు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో ఆడించినారు. తుదిపోటీలో దక్షిణ కొరియాపై 2-1 గెలుపు. అందొక గోలు జర్నైల్‌దే. మరుసటి జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసినారు.