భృతి చేరని ప్రాయము



ఆహ్వాన సంఘమువారు ఈ సభకు కామారెడ్డిని వేదికగా నిర్ణయించినందుకు నాకు కలిగిన సంతోషము లాంఛనప్రాయమైనది కాదు. ఏలయన, 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలో భాగమై యుండి పిదప తానే జిల్లాగా వెలసిన ఈ సీమలో, ఒకవంక పేరుమోసిన బెల్లపు మండీయు, వేరొకవంక ఎల్లారెడ్డి దాక అరుగుల మీద బీడీలు చుట్టు తల్లుల చాటలును, మన దంతవైద్య శాస్త్రము వేర్వేరు అధ్యాయములలో దాచియుంచిన తీపిని, పేదరికమును ఒక్కచోట చూపుచున్నవి.

దంతవక్రతను తరగతులుగా విభజించు ఆంగిల్ వర్గీకరణమునుగాని, 1986లో అయోవా విద్వాంసులు వెలువరించిన దంతసౌందర్య సూచికనుగాని మీ యెదుట వర్ణింపబూనుట అనవసరము. పది లక్షణములను తూకము వేసి కూడి, మొత్తము 36కు చేరినచో చికిత్స తప్పనిసరి యని తేల్చుటలో మీరందరు సిద్ధహస్తులే. వక్రతను కొలిచితిమి, ఆ వక్రతతో బ్రతుకు బిడ్డను ప్రశ్నించుటకు మాత్రము, టొరంటో పరిశోధకులు 11 మొదలు 14 ఏండ్లవారికై 2002లో జీవనసౌఖ్య ప్రశ్నావళిని ప్రకటించువరకు మనలో అనేకులకు తోచనే లేదు. పాఠశాలల శిబిరములకు తిరిగిన కాలమున నేను పలుమార్లు గమనించితిని: పంటినొప్పి గల పిల్లవాడు బడి మానును, ఎత్తుపండ్ల పిల్ల బడికి వచ్చి, జవాబు తెలిసియు లేవదు, లేచినను అరచేయి నోటికి అడ్డము పెట్టుకొని గాని పలుకదు. ఎత్తుపండ్లను సరిచేయుట అలంకార చికిత్సయనియు, ధనవంతుల వేడుకయనియు మనలోనే కొందరు పెద్దలు నేటికిని సెలవిచ్చుచున్నారు. వారి పాండిత్యమునకు నమస్కరించుచునే ఆ మాటను త్రోసిపుచ్చుచున్నాను.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పరిశీలించు 30 రుగ్మతలలో గ్రహణమొర్రికిని, పుచ్చుపంటికిని స్థానము కలదు, దంతవక్రతకు లేదు. కాని పుచ్చు వలన రెండవ పాల దవడపన్ను వేళకు ముందే ఊడినచో, దాని వెనుకనున్న శాశ్వత దవడపన్ను ముందునకు జరిగి, రావలసిన పంటికి చోటు లేకుండ చేయునని విద్యార్థులకు సైతము తెలియును. ఆ చోటును నిలుపు చిన్న తీగకట్టును ఆనాడే వేసినచో, ఏండ్లు సాగు క్లిప్పుల చికిత్స అనేకులకు తప్పును లేక తగ్గును. పుచ్చును లెక్కించి, అది విడిచిన ఖాళీని లెక్కింపకుండుట ఏమి శాస్త్రము?

ఇక నా చిరకాల వివాదమునకు వచ్చెదను. బ్రెజిల్ దేశమున 2003లో ప్రారంభమైన బోల్సా ఫమీలియా పథకమందు సర్కారు సొమ్ము బిడ్డల బడి హాజరుతోను, ఆరోగ్య పరీక్షలతోను ముడిపడి, సాధారణముగా తల్లి చేతికే అందునట్లు ఏర్పరచిరి. కనుక ఆ సొమ్ము కౌమారుల దంతావసరములను, జీవనసౌఖ్యమును ఎట్లు తాకుచున్నదని అడుగుట అక్కడ సహజము. మనకో? 2018 మే నెలలో వచ్చిన రైతుబంధు పంట సాయము ఎకరములను చూచి వచ్చినది, కౌలుదారు గడప త్రొక్కలేదు. ఆసరా పింఛను పథకము క్రింద బీడీ కార్మికురాలికి 2019 జూను నుండి నెలకు 2,016 రూపాయల భృతి యేర్పడినది. 2014లో 51,000 రూపాయలతో మొదలైన పెండ్లి సాయము కల్యాణలక్ష్మి 2018లో 1,00,116కు పెరిగి, ఎన్నో ఇండ్లను అప్పుల నుండి కాచినది. దానిని నేను తక్కువచేయుట లేదు. భూమికి, వార్ధక్యమునకు, వివాహమునకు సాయము కలదు. ఈ పథకములలో పన్నెండేండ్ల ప్రాయమునకు చోటు లేదు. దవడ యెముక ఇంకను పెరుగుచు చికిత్సకు లొంగు కాలము గడచిపోయి, పెండ్లిచూపులలో ఆ పిల్ల పండ్లను గూర్చి ఎదుటివారు గుసగుసలాడిన తరువాత గాని సర్కారు లక్ష రూపాయలతో ఆ యింటికి రాదు.

భృతి పొందు ఇంటి బిడ్డలను, పొందనివారిని ఒకేనాడు ప్రక్కప్రక్కన నిలిపి ప్రశ్నించి, మొదటివారి స్థితి హీనముగ నున్నది గనుక భృతి నిష్ఫలమని తేల్చు వ్యాసములు నాకు వ్యథ కలిగించుచున్నవి. భృతి పేదరికమును వెదకికొని పోవును గదా! మందు త్రాగువారందరు రోగులే గనుక మందే రోగమును తెచ్చినదనుట యెట్టిదో ఇదియు నట్టిదే. సత్యము తెలియవలెనన్న, భృతికి ముందును వెనుకను అదే బిడ్డను చూడవలెను.

ఒకే యింట సాయము అందిన బిడ్డను, అందని బిడ్డను పోల్చు అవకాశము కూడ మన కన్నుల యెదుటనే యున్నది. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో బాలికకును, ఆమె తల్లికిని ఛార్జీ లేదు. నెలనెలా దవాఖానకు వచ్చి తీగ బిగించుకొనవలసిన చికిత్సకు ఇది స్వల్పమైన మేలు కాదు. అదే యింటి కుమారునికి మాత్రము టికెట్టు తప్పదు. తల్లికి ఆనాటి బీడీల కూలి ఎట్లును పోవును. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వచ్చు బాలబాలికలలో నడుమ చికిత్స మానినవారెవరు, తుదిదాక నిలిచినవారెవరు అని సరిపోల్చి చూచువారిని నేను వెదకుచున్నాను.

నే కోరునది యిది: ఎల్లారెడ్డి ప్రభుత్వ పాఠశాలల ఆరవ తరగతి బిడ్డలను పదవ తరగతి దాక ఏటేటా పరీక్షించి, పండ్ల స్థితిని, బిడ్డ చెప్పిన మాటను, ఇంటికి చేరిన భృతిని, అది చేరిన నెలను, తల్లి దానిని వెచ్చించిన తీరును ఒక్క పుస్తకమున వ్రాసియుంచవలెను. అద్దము, కొలబద్ద, ఓపిక ఉన్న చాలును. సాయంత్రము తీర్మానముల సంఘము కూడినప్పుడు దీనిని మొదటి తీర్మానముగ చేర్చవలెననియు, ఈ పనికి పేరిచ్చు యువవైద్యులు మధ్యాహ్న విరామమున నన్ను కలిసికొనవలెననియు ప్రార్థించుచున్నాను.