చంద్రుడి చాటున రేడియో



మన గంభీరావుపేటలో రేడియో సిలోన్ ఎట్లా వినిపించేది? పైనున్న అయనావరణం షార్ట్‌వేవ్ తరంగాలను అద్దంలా కిందికి తిప్పి పంపేది. అంతరిక్షం నుంచి వచ్చే పొడవాటి రేడియో తరంగాలను అదే పొర బయటికి తిప్పికొడుతుంది. వాటిని వినాలంటే పొర దాటి పోవాల్సిందే. 1968లో అమెరికా అట్లా ఎక్స్‌ప్లోరర్-38ని పంపింది. ఒక్కో యాంటెన్నా 229 మీటర్లు! తీరా పైకి పోతే భూమి మీది గోలే వినబడింది. అందుకే 1973లో ఇంకోదాన్ని చంద్రుడి చుట్టూ తిప్పారు. చంద్రుడి చాటుకు పోతే మన గోల ఉండదు.

బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ వాళ్లకూ ఇదే తిప్పలు. తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ సంకేతం మన దాకా వచ్చేసరికి సాగిపోయి ఎఫ్‌ఎం స్టేషన్ల దగ్గర పడుతుంది. 2020లో వాళ్లు 'సారస్' యాంటెన్నాను కర్ణాటకలో చెరువు నీళ్ల మీద తేలించి విన్నారు, నేల పొరల చికాకు ఉండదని. (మన నర్మాల డ్యామ్ నీళ్లు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.) ఇప్పుడు 'ప్రతుష్' పేరుతో చంద్రుడి కక్ష్యకే పంపాలని వాళ్ల ప్రతిపాదన.

శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్ 650 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. అది ఎక్స్‌రేలు, అతినీలలోహిత కిరణాలు చూస్తుంది, రేడియో వినదు. వినే పరికరాలు చేసేవాళ్లు మన బడి నుంచి ఎందుకు రాకూడదు?

జూబ్లీ నిధిలో కొంత సైన్స్ ల్యాబ్‌కు పెడదాం. పాత టీవీ డిష్, చిన్న సిగ్నల్ మీటర్ చాలు. సూర్యుడి వైపు తిప్పితే ముల్లు లేస్తుంది. మొదటి డిష్ నేనిస్తాను.