ఇంటి పెద్ద వ్రాసియుంచవలసిన కాగితము



ఒకప్పుడు హసన్‌పర్తి రైతు తన భూమిని పంటతో కొలిచెడివాడు. నేడు గజములతో కొలుచుచున్నారు. గ్రామము వరంగల్ నగరపాలక సంస్థలో కలిసినది. ఎఱ్ఱగట్టు గుట్ట పరిసరములలో కళాశాలలు, ఇండ్లు లేచినవి. విలువ పెరిగిన భూమికి తగవులును పెరుగును. ఇంటి పెద్ద కన్నుమూసి, పెద్దకర్మ ముగిసి, బంధువులు వెడలిపోయిన పిదప భార్య పెట్టె తెఱచి చూచును. పట్టాదారు పాసుపుస్తకమున్నది, బ్యాంకు పుస్తకమున్నది. ఎవరికి ఏది చెందవలెనో తెలుపు కాగితము మాత్రము లేదు.

కాగితము లేనిచోట చట్టమే పంచును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము పురుషుని స్వార్జితము అతని భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లికి సమభాగములుగా చెందును. తండ్రికి ఆ మొదటి వరుసలో స్థానము లేదు. ఈ మాట వినిన పలువురు నమ్మరు. పిత్రార్జితము సంగతి వేఱు. కుమారునివలెనే కుమార్తెకును ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కునిచ్చు సవరణను దేశములో మొదట తెచ్చినది ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలమున వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించెను. కాని ఆనాటికే పెండ్లియైనవారికి అది అందలేదు. ఒకే తల్లి బిడ్డలలో చెల్లెలికి భాగము, అక్కకు మొండిచేయి! 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సర్వోన్నత న్యాయస్థానము 2020లో తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన పంపకములు మాత్రము చెదరవు. “పెండ్లిలో ఇచ్చితిమి గదా” యను మాట చట్టము ముందు నిలువదు.

ఇందుకు భిన్నముగా పంచదలచినవారు వీలునామా వ్రాయవలెను. స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట మేలు. తప్పనిసరియైనవి వ్రాసినవాని సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు. తగవు వచ్చినప్పుడు సాక్షులలో ఒక్కరైనను న్యాయస్థానమునకు వచ్చి చెప్పవలసియుండును. డెబ్బదియేండ్ల వృద్ధుడు తనకంటె పెద్దవాడగు మిత్రుని సాక్షిగా పెట్టుకొనిన ప్రయోజనమేమి? వయసులో చిన్నవారిని, ఆస్తిలో భాగము పొందనివారిని ఎన్నుకొనుట వివేకము. వీలునామాను ఎన్నిమారులైనను మార్చవచ్చును, చివరిదే చెల్లును. పిత్రార్జితములో తన భాగమునకు మించి ఎవరును వ్రాయజాలరు. ముస్లిం కుటుంబములలో ఇతర వారసుల సమ్మతి లేనిదే మూడవవంతునకు మించి చెల్లదు.

వీలునామా రక్షణయే గాని ఆయుధము కూడ. ఆడుబిడ్డలను తప్పించుటకే దానిని వ్రాయించువారు లేకపోలేదు. స్వార్జితము విషయమున చట్టము అడ్డుపడదు. కాని కారణము చెప్పక సహజ వారసులను విడిచిన వీలునామాను న్యాయస్థానములు అనుమానముతో చూచును. అట్టి వ్రాత కొడుకులకైనను మేలు చేయదు.

బ్రదికియుండగనే కొడుకు పేర దానపత్రము రిజిస్టరు చేసి, పిదప తమ యింటనే పరాయివారైన తల్లిదండ్రులు కలరు. వీలునామావలె దానపత్రమును తలచినంతనే మార్చుకొనుట కుదరదు. అయినను పోషింపవలెనను షరతు పత్రములో స్పష్టముగా వ్రాసియున్నచో, అది తప్పినపుడు ఆ దానమును రద్దుచేయు అధికారము 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టము క్రింది ట్రిబ్యునలునకు గలదు. ఆ ఒక్క పంక్తి వ్రాయింపమని లేఖరిని అడుగుటకు సిగ్గుపడరాదు.

బ్యాంకులో నామినీ యనగా సొమ్ము అందుకొను అర్హత గలవాడే గాని యజమాని కాడు. అందుకొనిన సొమ్ము వారసులకు చెందును. 2018లో ఆరంభమైన రైతుబీమా వంటి పథకములలో పేరిచ్చిన నామినీ మరణించినచో వెంటనే వేఱొకరి పేరు వ్రాయింపవలెను. సాగుభూమికి తహసీల్దారు కార్యాలయమున విరాసత్ చేయించుకొనవలెను; ఏండ్లు గడచినకొలది వారసులు పెరుగుదురు, సంతకములు దొరకుట కష్టమగును.

వీలునామాను సీలువేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొను సదుపాయము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములోనే కలదు. ఇంటనే దాచుకొనువారు తాళపుచెవి ఎక్కడనున్నదో భార్యకు చెప్పియుంచవలెను.