సముద్రపక్షులు - సీసపు విషము



పసిఫిక్ మహాసముద్రపు నడుమ, ఆసియాకును ఉత్తర అమెరికాకును ఇంచుమించు సగము దూరమున, మిడ్‌వే అను చిన్న పగడపుదీవులు కలవు. సగము త్రోవ యనియే ఆ పేరునకు అర్థము. 1942 జూన్ నెలలో అమెరికా, జపాను నౌకాబలములకు ఘోరయుద్ధము జరిగినది ఈ దీవులకడనే. యుద్ధము ముగిసి తరములు గడచిన పిమ్మటను అచ్చట చావులు నిలువలేదు. అయితే చచ్చినవారు సైనికులు కారు, పక్షిపిల్లలు. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఆల్బట్రాస్ అను సముద్రపక్షులు ఈ దీవులలో లక్షలకొలదిగా గూళ్లు కట్టును. ఇవి ఇంత గుంపుగా చేరుచోటు ప్రపంచమున మరియొకటి లేదు. వీనిలో లేసాన్ ఆల్బట్రాస్ అనునది రెక్కలు చాచినచో, ఈ కొననుండి ఆ కొనకు రెండు గజములుండును. ఏడాదికి పెట్టునది ఒక్కటే గ్రుడ్డు. ఆడపక్షియు మగపక్షియు వంతులు వేసికొని రెండు నెలలు పొదుగును. పిల్ల పుట్టినపిమ్మట వందలకొలది మైళ్లు సముద్రముపై ఎగిరిపోయి మేత తెచ్చి పెట్టును. పిల్ల మాత్రము నెలల తరబడి గూటి చెంతనే యుండును. చంటిబిడ్డ చేతికందినదెల్ల నోట పెట్టుకొనునట్లు, అదియు ముక్కునకందినదెల్ల పొడిచి చూచును.

ముప్పు అచ్చటనే కలిగినది. నౌకాదళమువారు తమ కట్టడములకు సీసము కలిసిన రంగులు పూసియుండిరి. 1993లో స్థావరమును మూసివేసిరి. సుమారు 95 కట్టడములమీది రంగు ఎండకును వానకును ఉప్పుగాలికిని పెచ్చులు పెచ్చులుగా ఊడి, గూళ్లచుట్టును రాలినది. పిల్లలు ఆ పెచ్చులను మ్రింగినవి.

సీసము శరీరమున కాల్షియమువలె నటించి ఎముకలలో చేరును, నరములను చెరచును. విషమెక్కిన పిల్ల రెక్కలు పైకెత్తజాలక నేలపై ఈడ్చుకొనుచుండును. ఎగురలేని ఆల్బట్రాస్ బ్రదుకలేదు. తల్లిదండ్రులు సముద్రము గాలించి తెచ్చిన మేత యంతయు వ్యర్థము. ఏటేట పదివేల పిల్లలవరకు ఇట్లు నశించుచుండెనని పరిశోధకులు అంచనా వేసిరి.

తుదకు అమెరికా ప్రభుత్వమువారు పూనుకొని, గోడల పాతరంగును తీయించి, చుట్టునున్న మన్నును జల్లించి పెచ్చులను ఏరించిరి. 2018 నాటికి ఆ పని ముగిసినది.

అన్ని లోహములకును ఇట్టి ఉపాయము లేదు. పాదరసము బొగ్గుపొగతో గాలికెక్కి సముద్రమున దిగును. అచ్చట చిన్నచేపకు, దానినుండి పెద్దచేపకు, దానినుండి పక్షికి చేరుచు అంచెలంచెలుగా హెచ్చును. పక్షి తన యొంటిలోని పాదరసమును కొంత, పెరుగుచున్న ఈకలలోనికి నెట్టివేయును. ప్రదర్శనశాలలలో దాచిన నూరేండ్లనాటి ఈకలను ఇటీవలి యీకలతో పోల్చి, అట్లాంటిక్ సముద్రపక్షులలో ఈ విషము పెరిగినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కడలిలో కలిసినదానిని జల్లెడ పట్టి తీయగలవారెవరు?

కావున విషము గోడమీద నున్నప్పుడే తీయవలెను. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో నిబంధన చేసిరి. అంతకుముందు పూసిన రంగులు మన తలుపులమీదను కిటికీలమీదను ఇంకను ఉండవచ్చును. వానిని గీకించునపుడు పొడి లేవకుండ తడిపి గీకింపుడు. పసిబిడ్డలను దూరముగ నుంచుడు. రాలిన పెచ్చులను ఒక్కటియు విడువక ఏరివేయింపుడు. ఆ దీవిలో పక్షిపిల్లకు రెక్క వాలినది. మన ముంగిట ప్రాకు బిడ్డకు అదే సీసము బుద్ధిని మందగింపజేయును.