పాత జీపుల మొండి జబ్బులు



మన పల్లెలలో పాత జీపులు నేటికిని అక్కడక్కడ తిరుగుచునే యున్నవి. బాట లేని చోట, బురదలో, ఏటి యిసుకలో, కొండదారిలో వాటివలె పోగల బండి అంత తక్కువ వెలకు మరియొకటి దొరకదు. అయితే వాటిని ఉంచుకొన్నవారి కొక చిక్కు కలదు. బండి యింటివద్ద చక్కగా నడచును. నాలుగైదు మైళ్లు పోయిన పిమ్మట ఆగిపోవును. కొంతసేపు చెట్టునీడను నిలిపినచో మరల కదలును. మేస్త్రి వద్దకు తీసికొనిపోయిన దినమున జబ్బు కనబడదు. అందుచే ఈ నెల పెట్రోలు పంపు, పై నెల కార్బురేటరు, ఆ పై నెల కాయిలు మార్చుట జరుగును. రూపాయలు పోవును గాని జబ్బు పోదు. సామాను మార్చకుండ ఇట్టి జబ్బు చోటును కనుగొను విధమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. నలువది యేండ్లు మన్యప్రాంతమున జీపుల మరమ్మతే నా వృత్తి గనుక, చెప్పబోవునది చాలవరకు చేతితో పట్టి చూచినదే.

జీపు పుట్టినది అమెరికాలో. 1941లో ఒహాయో రాష్ట్రమందలి టొలీడో పట్టణమున విల్లీస్ ఓవర్లాండు కంపెనీవారు సైన్యము కొరకు దీనిని తయారుచేయ మొదలిడిరి. ఇంజనునకు నాలుగు సిలిండర్లు. లోపలి పరిమాణము 134 ఘనపుటంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు. బలము 60 గుర్రములది. యుద్ధానంతరము, 1940ల చివర, మహీంద్రావారు బొంబాయిలో ఈ జీపులను కూర్చి అమ్మసాగిరి. తరువాత సీజే 3బి అను రకమును, ఆ పిమ్మట ప్యూజోవారి నమూనా డీజిలు ఇంజను గల జీపులును వచ్చినవి. డీజిలు సంగతి చివర చెప్పెదను. మొదట పెట్రోలు జీపును తీసికొందము.

ఇంజను నడచుటకు గాలి, పెట్రోలు, నిప్పురవ్వ కావలెను. తూకమున సుమారు పదునైదు పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలిసి, సరియైన క్షణమున రవ్వ తగులవలెను. బండి ఆగినదన్న ఈ మూడింటిలో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో తెలిసికొనక స్పానరు పట్టరాదు.

అది తెలిసికొనుటకు మొదటి సాధనము చెవి. నేను డ్రైవరు నడుగు మొదటి ప్రశ్న, "నాయనా, ఎట్లు ఆగినది?" అని. పెట్రోలు చాలని ఇంజను దగ్గురోగివలె నడుమ నడుమ దగ్గుచు, కుదుపులిచ్చుచు, ఎక్కుడులో బలము తగ్గి, మెల్లగా ఆగును. నిప్పురవ్వ పోయిన ఇంజను దీపము నార్పినట్లు ఒక్కసారిగా ఆగును. ఇది నూటికి నూరుపాళ్లు నిజము కాకపోయినను ఏ దారిని వెదుకవలెనో చూపును. రెండవ ప్రశ్న, చోకు సగము లాగిన బండి తేరుకొన్నదా అని. తేరుకొన్నచో పెట్రోలు తక్కువగా నందుచున్నదనియో, కార్బురేటరు దాటిన పిమ్మట ఎక్కడనో దొంగగాలి చొరబడుచున్నదనియో గ్రహింపవలెను. చోకు లాగగనే మరింత మొరాయించి నల్లని పొగ గ్రక్కినచో పెట్రోలు ఎక్కువైనదన్నమాట. అపుడు గాలి వడపోయు పాత్ర మూసికొనిపోయినదేమో, కార్బురేటరులోని తేలుడు బుడ్డి పొంగి పొరలుచున్నదేమో చూడవలెను.

బండి ఆగిన చోటనే, చల్లారకముందే చేయదగిన పరీక్ష యొకటి కలదు. గాలి గొట్టమును తొలగించి కార్బురేటరు కంఠములోనికి చూచుచు, వేరొకనిచే యాక్సిలరేటరు నొక్కింపుడు. సన్నని ధార చిమ్మినచో కార్బురేటరులో పెట్రోలున్నది. తప్పు పెట్రోలుది కాదు. అపుడు డిస్ట్రిబ్యూటరు, కండెన్సరు, కాయిలు వైపు మరలుడు. వేడెక్కినపుడు మాత్రమే చెడి, చల్లారగనే బాగుపడు కండెన్సర్లును కాయిళ్లును కలవు. వీటిని పెట్రోలు జబ్బని భ్రమించి టాంకులు విప్పించినవారిని చాలమందిని చూచితిని. ధార రానిచో కార్బురేటరు ఎండిపోయినది. ఇప్పుడు వెనుకకు నడువవలెను.

పెట్రోలు నడచు త్రోవను గూర్చి పెద్దలకు సులభముగా చెప్పవచ్చును. టాంకు డ్రైవరు కూర్చుండు సీటు క్రింద నున్నది. అక్కడినుండి సన్నని గొట్టము చట్రము వెంబడి ముందునకు వచ్చి, ఇంజను ప్రక్కనున్న పంపును చేరును. పంపులోని పలుచని పొర క్రిందికి మీదికి కదలి పెట్రోలును పీల్చి, కార్బురేటరునకు నెట్టును. మన చేతిపంపును తలంచుకొనుడు. పంపునకు మీది గొట్టము చిల్లిపడిన నీరు బయటికి కారును, అందరును చూతురు. క్రింది గొట్టమునకు చిల్లిపడినచో చుక్క నీరైనను కారదు. పంపు మాత్రము గాలిని మ్రింగి వట్టిగా కొట్టుకొనును. జీపులోను ఇంతే. టాంకునకును పంపునకును నడుమ గొట్టములో వెంట్రుకంత పగులున్నను క్రింద పెట్రోలు మరక యుండదు. మరక లేదు గనుక గొట్టము మంచిదని మేస్త్రి చెప్పును. మొండి జబ్బులలో పెక్కు ఈ పీల్చు భాగముననే దాగియుండును. ముఖ్యముగా చట్రమునకును ఇంజనునకును నడుమ కదలాడుచుండు రబ్బరు ముక్కను వంచి చూడుడు. పైకి నునుపుగా నున్నను వంపులో బీటలు తెరచుకొనును.

టాంకు మూతయు చిన్నది కాదు. పెట్రోలు తగ్గిన కొలది లోపలికి గాలి పోవలెను. మూతకుగల సన్నని రంధ్రము దుమ్ముతో మూసికొనినచో టాంకులో శూన్యమేర్పడి, పంపు ఎంత పీల్చినను పెట్రోలు రాదు. బండి ఆగగనే మూతను మెల్లగా త్రిప్పి చెవి యొగ్గుడు. బుస్సుమని గాలి లోనికి పోయినచో దోషము చిక్కినది. దీనికి పైసా ఖర్చు లేదు. అయినను ఈ పరీక్షను చేయువా రరుదు.

ఇంకను చిక్కకపోయినచో త్రోవను సగము సగముగా కోయవలెను. టాంకునుండి వచ్చు గొట్టమును పంపువద్ద విడదీసి, దాని నోరు మూసి, వేరొక చిన్న డబ్బానుండి రబ్బరు గొట్టముతో పంపునకు పెట్రోలు అందింపుడు. బండి చక్కగా నడచినచో పంపు మొదలు కార్బురేటరు వరకు అంతయు నిర్దోషము. నేరము టాంకులోనో గొట్టములోనో కలదు. అప్పటికిని ఆగినచో వెనుక భాగము నిర్దోషము, పంపును చూడుడు. ఒక్క పరీక్షతో సగము బండి విడుదలయైనది. ఇది చేయునపుడు బీడీ, చుట్ట, లాంతరు దగ్గర నుండరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలను ప్రాకి దూరమందలి నిప్పును వెదకికొని పోవును. ఈ ఇంజనులో కార్బురేటరును, కాలు పొగగొట్టమును ఒకే ప్రక్కన నుండును గనుక డబ్బాను దానిమీద పెట్టరాదు. మూత బిగించి దూరముగా కట్టవలెను.

పాడేరు కొండలలోని ఒక ఊరిలో ఒక పెద్దమనిషి జీపుండెను. వారమున కొకసారి సంతకు, అవసరమైనపుడు ఆసుపత్రికి ఆ ఊరి కదే ఆధారము. అది ఎక్కుడులో ఆగ మొదలిడెను. పది నిమిషములుండి మరల నడచును. మరి రెండు మైళ్లకు మరల ఆగును. ఒక రాత్రి జ్వరముతో నున్న బిడ్డను తీసికొనిపోవుచు ఘాటు నడుమ ఆగిపోగా, బిడ్డను, తల్లిని డోలీలో మోసికొనిపోవలసి వచ్చినది. బిడ్డ బ్రదికినది గాని నాటినుండి ఊరివారు ఆ జీపు నెక్కుట మానిరి. అప్పటికే పంపు రెండుమార్లు, కార్బురేటరు ఒకమారు మార్చియుండిరి. "మేస్త్రీ, దీనికి గాలి సోకినదని మావాళ్లు అనుచున్నారు. నీవును చూడుము" అని ఆయన నాకు కబురంపిరి.

నేను పోయి ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బండిని ఆగువరకు నడిపితిని. దగ్గి దగ్గి ఆగెను. కార్బురేటరులో ధార లేదు. మూతను చూడబోగా మూతయే లేదు. ఎన్నడో పోగా గుడ్డపీలిక దోపియుండిరి. డబ్బాతో పెట్రోలు పెట్టగా ఘాటు రెండుమార్లు ఎక్కి దిగెను. కావున నేరము వెనుకనే. టైరు పంపుతో గొట్టములోనికి గాలి కొట్టగా టాంకులో గుడగుడ వినబడెను, అడ్డమేమియు లేదు. నాటి సాయంకాలము బండి చక్కగా నడచెను కూడ. మరునాడు మరల ఆగెను. అపుడు టాంకును దించి పెట్రోలంతయు వంపితిని. అడుగున అరచేతిలో సగమంత గుడ్డపేలిక. బండి నడచునపుడు అది పీల్పునకు లోబడి గొట్టము మూతికి అతుకుకొనును. ఇంజను ఆగగనే పీల్పు పోయి క్రిందికి జారును. గాలి కొట్టినపుడు దూరముగ తొలగిపోవును. అందుచేతనే పరీక్షించిన ప్రతివానికిని గొట్టము శుభ్రముగ కనబడినది. పెద్దమనిషి ఆ పేలికను చేత బట్టుకొని చాలసేపు చూచి, "ఇది నా పాత పంచెదే సుమా" అనెను. క్రొత్త మూత వెల, ఆయన మార్చిన సామాను వెలతో పోల్చదగినది కాదు.

వేసవిలో వేరొక తంటా కలదు. మిట్టమధ్యాహ్నము ఎక్కుడు దారిలో పంపులోను గొట్టములోను పెట్రోలు ఆవిరియై, పంపు ఆవిరిని కొట్టుచు కూర్చుండును. తడిగుడ్డను పంపుమీద చుట్టి, రెండు నిమిషము లుంచుడు. కదలినచో ఇదే కారణము. ఇంజనుమీద చన్నీరు కుమ్మరించుట మాత్రము కూడదు. కాగిన పోతయినుము పగులును.

ఇపుడు పెట్రోలే మారినది. 2023 ఫిబ్రవరిలో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాలు ఒకవిధమగు సారాయమే. పాత జీపుల కాలమునాటి రబ్బరు దానికి తాళదు; ఉబ్బును, మెత్తబడును, పొరలుగా ఊడును. పంపు పొరకును ఇదే గతి. అది నీటిని పీల్చుకొనును గూడ. నీరు మితిమీరినచో ఇథనాలును నీరును కలిసి విడిపోయి టాంకు అడుగున చేరును. ఏండ్లతరబడి టాంకు గోడల కంటియున్న జిగురును కూడ ఇది కడిగి తెచ్చి జల్లెడలో నింపును. కావున పాత జీపునకు ఇథనాలును తట్టుకొను గొట్టములు, పంపు పొర వేయింపవలెను. ఈ ఒక్క చోట మాత్రము చెడకముందే సామాను మార్చుమని చెప్పుచున్నాను. నెలలతరబడి కదలని బండిలో పెట్రోలు నిలువయుంచకుడు. పంపు క్రింది గాజుబుడ్డిని నెల కొకసారి చూచుచుండుడు. అడుగున ముత్యములవలె దొరలుచు కనబడునది నీరు.

ఇక డీజిలు జీపు. దీనికి నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గులు లేవు, కార్బురేటరు లేదు. జబ్బులలో ముఖ్యమైనది గాలియే. పొలములో ఆయిలు ఇంజను నడిపినవారికి గాలి తీయుట క్రొత్తగాదు. గాలి తీసిన నాడు బాగుండి, రాత్రి నిలిపి ఉదయమున మొరాయించినచో, మరల మరల గాలి తీయుట వ్యర్థము; గాలి ఎక్కడ దూరుచున్నదో వెదకవలెను. పంపునకు ముందు జానెడు పారదర్శకపు గొట్టమును తాత్కాలికముగా బిగించినచో బుడగలు కంటికి కనబడును. టాంకు వైపునుండి ఒక్కొక్క అతుకును బిగించుచు వచ్చుడు. బుడగలు ఏ అతుకువద్ద నిలిచిపోయినవో అదియే దొంగ.

ఒక సిలిండరు సరిగా కాలకున్నచో, నింపాదిగా నడచుచుండగా ఇంజెక్టరు గొట్టముల నట్లను ఒక్కొక్కటిగా సడలించి చూతురు. సడలింపగనే శబ్దము మారినచో ఆ సిలిండరు మంచిది. ఏ మార్పును లేనిచో రోగి అదియే. ఈ పనిని అనుభవము గల మేస్త్రిచేతనే చేయింపుడు. చిమ్ముచున్న ఇంజెక్టరు ధారకు వ్రేలు అడ్డుపెట్టరాదు. ఆ ధార సూదివలె చర్మమును చీల్చుకొని డీజిలును మాంసములోనికి ఎక్కించును. పైకి చీమ కుట్టినంత గుర్తే యుండును, నొప్పియు మొదట అంతగా నుండదు. అయినను పసుపు పెట్టి ఊరకుండక, ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయి, లోపలికి డీజిలు ఎక్కినదని డాక్టరుగారికి స్పష్టముగా చెప్పవలెను. ఆలసించినచో వ్రేలో, చేయియో తీసివేయవలసి వచ్చును.