చలువ పందిరే కరెంటు పందిరి

నగరాల్లో కరెంటు తయారుచేసే చోటును జనానికి దూరంగా, ప్రహరీ గోడ వెనక ఉంచడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. బొగ్గు పొగ, యంత్రాల రొద ఉన్నంతకాలం ఆ పద్ధతి సబబే. సోలార్ పలకకు పొగ లేదు, రొద లేదు. పైగా అది పరుచుకున్నంత మేరా కింద నీడ పడుతుంది. అందుకే కొన్ని నగరాలు సోలార్ పలకలను మేడల మీదనుంచి దించి, జనం కూర్చునే కూడళ్లకు పైకప్పుగా వేశాయి.

పందిరి తెలుగు ఊళ్లకు కొత్త కాదు. ఎండలు ముదరగానే వీధిలో తాటాకుల చలువ పందిరి వేసేవారు. దాని కింద కుండలు పెట్టి చలివేంద్రం నడిపేవారు. రచ్చబండ కూడా రావిచెట్టు నీడనే వెలిసింది. నీడ ఉన్నచోటే నలుగురు చేరతారు. కరెంటు కోసం వేసే పందిరికీ ఇదే మొదటి పరీక్ష. అది ఎన్ని కిలోవాట్లు ఇస్తుందన్నది రెండో ప్రశ్న. మే నెల మధ్యాహ్నం దాని కింద ఒక ముసలమ్మ సుఖంగా కూర్చోగలదా అన్నది మొదటి ప్రశ్న.

ఎండలో మనిషికి వేడి రెండు దారుల్లో తగులుతుంది. ఒకటి గాలి వేడి. రెండోది సూర్యుడి నుంచి, కాలిన తారు రోడ్డు నుంచి, సిమెంటు గోడల నుంచి తిన్నగా వచ్చి ఒంటిని తాకే కిరణాల వేడి. నీడలోకి జరిగినంత మాత్రాన గాలి వేడి పెద్దగా తగ్గదు, కిరణాల వేడి మాత్రం బాగా తగ్గుతుంది. వడదెబ్బ నుంచి కాపాడడంలో నీడ చేసే మేలు అదే. నడినెత్తి మీది ఎండ ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. ఒక ఇస్త్రీ పెట్టె లాగే కరెంటు ఇంచుమించు అంతే. ఈనాటి సోలార్ పలక అందులో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. కొంత వెలుతురును తిప్పికొడుతుంది. మిగిలినదంతా పలకనే వేడెక్కిస్తుంది.

పందిరి వేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బయట 42 డిగ్రీలున్న రోజున పలక 65 డిగ్రీలు దాటుతుంది. తల మీద చేతికందే ఎత్తులో కాలిన పెనం పెట్టుకుని కూర్చుంటే అది నీడ అనిపించుకోదు. పలక అంత వేడెక్కితే కరెంటుకూ నష్టమే. 25 డిగ్రీలకు పైన పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం చొప్పున తగ్గుతుంది. అంటే మండుటెండలో పలక తన పూర్తి శక్తిలో 15 శాతం దాకా కోల్పోతుంది. మనిషికైనా పలకకైనా మందు ఒకటే, గాలి ఆడాలి. పందిరి కనీసం నాలుగు మీటర్ల ఎత్తున ఉండాలి, పలకకూ పలకకూ మధ్య సందు ఉండాలి, కింద నాలుగు వైపులా తెరిచి ఉండాలి. తాటాకు పందిరి వేసే మేస్త్రీకి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ రకం కూడళ్లలో ప్రపంచమంతా చెప్పుకునేది స్పెయిన్‌లోని బార్సిలోనాది. 2004లో జరిగిన అంతర్జాతీయ సాంస్కృతికోత్సవం కోసం, దియాగొనాల్ రహదారి సముద్రాన్ని చేరే చోట ఒక విశాలమైన ఆవరణ కట్టారు. దాని కింద నగరపు మురుగునీటిని శుద్ధిచేసే పెద్ద కర్మాగారం ఉంది. పైన మార్తినెస్ లాపెన్యా, ఎలియాస్ తోర్రెస్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు వంగిన కాంక్రీటు స్తంభాల మీద ఒక పెద్ద సోలార్ పందిరిని నిలబెట్టారు. అది దక్షిణానికి వాలి, ఒడ్డున తెరచాప ఎత్తినట్టు కనబడుతుంది. మురుగు, కరెంటు లాంటి ఊరి చాకిరీని దాచకుండా నలుగురి మధ్యా గౌరవంగా నిలబెట్టడం అక్కడి గొప్పతనం. ఉత్సవాలకు, సంగీత కచేరీలకు ఆ చోటు కిక్కిరిసిపోతుంది. మామూలు రోజుల్లో మాత్రం బోసిగా ఉంటుందన్న విమర్శ మొదటినుంచీ ఉంది. ఆవరణ మరీ పెద్దది, నీడ ఒక మూలకే పరిమితం. చుట్టూ రోజువారీ అంగళ్లు, ఇళ్లు దగ్గరగా లేకపోతే ఎంత అందమైన పందిరైనా జనాన్ని పిలవలేదు.

బార్సిలోనా పందిరిని మన దగ్గర ఉన్నదున్నట్టు దించడం కుదరదు. పలకను ఎంత వాల్చాలన్నది ఆ ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. బార్సిలోనా 41 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడి మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి ఒరిగే ఉంటాడు. అందుకే పలకను బాగా నిలబెట్టాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం 16, 17 డిగ్రీల మీద ఉన్నాయి. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు కర్రకు నీడే పడదు. ఇక్కడ పలక కాస్త వాలితే చాలు. అలా దాదాపు చదునుగా పరిచిన పలకే అన్నిటికన్నా ఎక్కువ నీడనిస్తుంది. కరెంటుకు మంచి వాలు, నీడకు మంచి వాలు ఒకటే కావడం తెలుగు నేలకు కలిసొచ్చిన అదృష్టం.

అయితే నీడ కదలకుండా ఉండదు. మే నెలలో మధ్యాహ్నం మూడుంబావు, మూడున్నర వేళకు సూర్యుడు పడమట 45 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు నాలుగు మీటర్ల ఎత్తున్న పందిరి నీడ నాలుగు మీటర్లు తూర్పుకు జరుగుతుంది. బల్లలన్నీ పందిరి నడుమే వేస్తే సాయంత్రం చేరే జనం ఎండలో కూర్చోవలసి వస్తుంది. సాయంత్రపు బల్లలు తూర్పు అంచుకు వేయాలి, పడమట వైపు చెట్లు నాటాలి. ఆ వేళకు ఉత్పత్తి ఎలాగూ తగ్గుతుంది కనుక పడమటి చెట్టుతో వచ్చే నష్టం తక్కువ. దక్షిణాన పెద్ద చెట్టు పెట్టకూడదు. పలకలు ఒకదానికొకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక పలక మీద కొమ్మ నీడ పడినా, కాలువకు ఒకచోట అడ్డుకట్ట వేసినట్టు ఆ వరుసంతటి ప్రవాహం తగ్గుతుంది. పందిరి కోసం ఉన్న వేపచెట్టును నరకడం మాత్రం ఎన్నడూ లాభం కాదు. పలక నీడ మాత్రమే ఇస్తుంది. చెట్టు నీడతోపాటు తన ఆకుల తేమతో గాలినీ చల్లబరుస్తుంది.

హైదరాబాద్‌లో ఈ ఆలోచన ఇప్పటికే ఒక రూపం దాల్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, దక్షిణ కొరియాలోని ఒక దారిని చూసి, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, దాని మీద చాలా మేరకు సోలార్ పలకల కప్పు కట్టారు. 2023 అక్టోబరులో అది ప్రారంభమైంది. దాని సామర్థ్యం 16 మెగావాట్లు, దారి వెడల్పు నాలుగున్నర మీటర్లు. అది దారే గాని కూడలి కాదు. అయినా పలకల కింద జనం రోజూ మసలవచ్చని కళ్లకు కట్టినట్టు చూపింది.

ఒక మామూలు కూడలి లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 500 చదరపు మీటర్ల పందిరిలో సందులు పోను సుమారు 80 కిలోవాట్ల పలకలు పడతాయి. తెలుగు రాష్ట్రాల ఎండకు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే 320 యూనిట్లు. 60 వాట్ల దీపాలు 50 పది గంటలు వెలిగితే అయ్యేది 30 యూనిట్లే. మిగిలినదానితో మంచినీటి శుద్ధియంత్రం నడుస్తుంది, తోపుడు బండ్ల వారి దీపాలు వెలుగుతాయి, ఎలక్ట్రిక్ ఆటోలు ఛార్జి అవుతాయి. ఒక ఆటో బ్యాటరీకి ఎనిమిది యూనిట్లు వేసుకున్నా 30 ఆటోలకు పైగా సరిపోతుంది. అదే పందిరి మీద పడే వానను పట్టినా లాభమే. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఆ కప్పు మీద నాలుగు లక్షల లీటర్లు పడతాయి. వాటిని ఇంకుడు గుంటకు మళ్లించవచ్చు.

నడిచే అడుగులతో కరెంటు పుట్టించే పలకరాళ్ల మాట తరచు వినబడుతుంది. ఒక అడుగు నుంచి వచ్చేది మహా అయితే ఐదు జౌళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క యూనిట్‌కు ఏడు లక్షల అడుగులు పడాలి. పిల్లలకు సైన్సు చెప్పడానికి అవి పనికొస్తాయి, కూడలిని నడపడానికి పనికిరావు. చిన్న గాలిమరలదీ ఇదే సంగతి. గాలి వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మేడల మధ్య గాలి నెమ్మదిగా, సుడులు తిరుగుతూ వీస్తుంది.

కూరగాయల మార్కెట్ కూడా ఒక కూడలే. అక్కడి చెత్త మాత్రం నిజమైన ఇంధనం. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో పాడైన కూరగాయలను, ఆకులను గాలి తగలని తొట్టెలో కుళ్లబెట్టి గ్యాసు తీసే ప్లాంటు ఉంది. దాని సాంకేతికత తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థది. రోజుకు సుమారు పది టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తాయి. కరెంటు మార్కెట్ దీపాలకు, ఇంధనం అక్కడి క్యాంటీన్ వంటకు వెళతాయి. పుట్టినచోటే చెత్త ఖర్చవుతుంది కనుక దాన్ని మోసే లారీల పనీ తగ్గుతుంది.

తుపాను వేళ కూడలి ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మరమ్మతు చేసే లైన్‌మన్‌కు షాక్ తగలకుండా పెట్టిన రక్షణ అది. ఎండ కాస్తున్నా పందిరి కింద ఫోను ఛార్జి కాదు. బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే ఆ కూడలి ఆపదలో పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖపట్నం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. కాబట్టి బ్యాటరీల గది వరద మట్టానికి పైన ఉండాలి, తాళం ఉండాలి, గాలి ఆడాలి. పందిరిని పైకి ఎత్తేసే గాలిని దాని స్తంభాలు తట్టుకోవాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం కట్టడాలు తట్టుకోవలసిన గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విశాఖలో 50 మీటర్లు. వాలిన పలకను ఆ గాలి గొడుగును తిప్పినట్టు పైకి లాగుతుంది.

పలకల ఆయుష్షు పాతికేళ్లు. దుమ్ము పట్టిన పలక నెల తిరక్కుండానే ఉత్పత్తి తగ్గిస్తుంది. పైకెక్కే మెట్లు, పైదాకా వచ్చే నీటి గొట్టం, తుడిచే మనిషి జీతం మొదటి అంచనాలోనే రాయాలి. అవి రాయని పందిరి రెండు మూడేళ్లకు నీడ మాత్రమే ఇస్తుంది.