సూది వేసే ముందు ఒక మాట
(వార్షికోత్సవం సందర్భంగా మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపాధ్యాయులం, డాక్టర్లం కాము. అయినా పిల్లల ముఖాల్లో వాళ్ల ఇళ్లు మాకు కనబడుతుంటాయి. ఒక ఏడు మిరపకోతల రోజుల్లో మా అమరావతి బడిలో ఆరో తరగతి పాప వారం రోజులు రాలేదు. కబురు పెడితే వచ్చి, "అమ్మీ నిద్రపోదు టీచర్, ఊరికే ఏడుస్తుంది. తమ్ముణ్ణి నేనే ఎత్తుకోవాలి" అంది. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఏఎన్‌ఎం వెళ్లి పక్కన కూర్చుని అడిగాకే అసలు సంగతి బయటపడింది. ఆ తల్లి అత్తగారికి తెలియకుండా, గర్భం రాకుండా సూది వేయించుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోంది.

ఆ దిగులుకు సూదే కారణమని మేము అనలేం. కాన్పు తర్వాత కూడా దిగులు రావచ్చు. డాక్టరుగారు రెండూ విచారించి, తర్వాతి సూది ఆపి, దిగులుకు వైద్యం చేశారు. కొన్ని నెలలకు ఆమె తేరుకుంది. పాప బడికి వచ్చింది.

మన రాష్ట్రంలో ఎక్కువమంది నమ్ముకున్నది ఆపరేషన్‌నే. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో "అంతర" సూది ఉచితంగా ఇస్తున్నారు. మూడు నెలలకొకటి. అందులో ఉన్నది ప్రొజెస్టిన్ అనే హార్మోను. మాత్ర పడకపోతే రేపే మానేయవచ్చు. సూది మందు ఒకసారి ఒంట్లోకి వెళితే వెనక్కి తీయలేం. అందుకే ముందుగా అడగాలి. డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా మహిళల వివరాలు పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. హార్మోను సాధనాలు వాడినవారు దిగులు మందులు మొదలుపెట్టడం కొంత ఎక్కువగా కనబడింది. చిన్న వయసు ఆడపిల్లల్లో అది మరింత ఎక్కువ. అయితే ఇది రుజువు కాదు, హెచ్చరిక మాత్రమే. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు.

అడిగే హక్కు మనకు ఊరికే రాలేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే సూదిని ప్రయోగంగా ఇస్తున్నప్పుడు, వచ్చిన ఆడవాళ్లకు పూర్తి వివరం చెప్పడం లేదని హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. మరుసటి ఏడు ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పాటించడం గురించి మన ఉలమాలు అజ్ల్ పేరుతో ఏనాడో చర్చించారు. ఇమామ్ గజాలీ దాన్ని అనుమతించారు. కాబట్టి ఇది దాచుకోవలసిన నేరం కాదు. భార్యాభర్తలు కలిసి మాట్లాడుకోవలసిన విషయం.

సోదరీమణులారా, ఇంతకుముందు ఎప్పుడైనా దిగులు జబ్బు వచ్చి ఉంటే సూదికి ముందే చెప్పండి. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా వెంటనే చెప్పండి. మీ అంతట మీరు మానేసి ఊరుకోకండి, మరో పద్ధతి అడగండి. కాపర్-టీ ఉంది, నిరోధ్ ఉంది, స్టెరాయిడ్ హార్మోను లేని "ఛాయా" మాత్ర ఉంది. మనసు బాగాలేకపోతే 14416 టెలి-మానస్‌కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

అత్తలకు, భర్తలకు ఒక మనవి. కోడలు ఏడుస్తుంటే తాయెత్తు కట్టేముందు, "ఏమైందమ్మా?" అని ఒక్కమాట అడగండి. దువా చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్లండి. అల్లాహ్ మన ఇళ్లకు ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.